ఒంటిపెట్టకు తోడు: పొట్టికోళ్ళ పుట్టుపూర్వోత్తరములు

నేటి ప్రసంగమునకు విషయము కోడి. కావ్యములును శాసనములును ముందిడుకొని మాటలాడవలసిన వృద్ధుడు కోడిపెట్టను గూర్చి చెప్పుటేమని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. అందులో నేను కోళ్ళను బెంచిన యింట బుట్టినవాడనుగూడ గాను. అయినను ముప్పదియేండ్లకు బైబడి చరిత్రపాఠము చెప్పినవానికి ఒక యలవాటు మిగిలిపోవును. ఎవరేమి యడిగినను, దాని మొదలు వెదకి కాని సమాధానము చెప్పనేరడు.

ప్రశ్న యిది. ఒకరి పెరటిలో నాలుగైదు పెట్టలుండెను. ముంగిస యొకదానిని, జంగుపిల్లి రెండింటిని గొనిపోయినవి. తెగులు మఱియొకదానిని దీసికొనెను. ఒక్కటి మిగిలెను. అది మేత సరిగ దినదు. వంటయింటి గడపచెంత నిలిచి యఱచుచుండును. ఇంటివారెటు పోయిన నటు వెంటదిరుగును. వారికి జాలి కలిగి, తోడుగా నొక చిన్నజాతి కోడిని, నేడు పట్టణములలో బాంటం అను పేరిట నమ్ముచున్న పొట్టికోడిని, దేవలెనని తలంతురు. ఏ జాతిని దేవలెను? అంగడిలోని సొగసును జూచి తెచ్చినచో, వారము తిరుగకమునుపే పెరటిలో మరల నొక్కపెట్టయే మిగులవచ్చును. ఆ మిగిలినది పాతదో క్రొత్తదో చెప్పలేము. ఒక జాతిని ఎవరు, ఏమి కోరి, ఎట్లు తీర్చిదిద్దిరో తెలిసినగాని అది మఱియొక ప్రాణితో గలసి బ్రతుకునో లేదో తెలియదు. కావున నిది పశువైద్యుని ప్రశ్న యెంతయో చరిత్రకారుని ప్రశ్నయు నంతయే.

మొదట కోడి యొంటరిగా నేల బ్రతుకజాలదో చూతము. ఇంటికోళ్ళకు మూలపురుషుడు ఎఱ్ఱ యడవికోడి యని 1868లో డార్విను తన పెంపుడు జంతువుల గ్రంథమున వాదించెను. ఆ పక్షికి మన దేశమున దక్షిణపు టెల్ల స్థూలముగా గోదావరి. దానికి దక్షిణముగా నుండునది బూడిదవన్నె యడవికోడి. డార్విను మాట మొత్తముమీద నిలిచినది. కాని 2008లో నొక చిన్న సవరణ వచ్చినది. లోకములోని పెక్కు కోళ్ళకు గల పసుపుపచ్చని కాళ్ళకును చర్మమునకును గారణమైన జన్యువు ఎఱ్ఱకోడిది గాక, మన దక్షిణాదిదైన బూడిదవన్నె కోడిదని తేలినది. పిమ్మట 2020లో 863 పక్షుల జన్యుక్రమములను బోల్చి చూచిన పండితులు, ఎఱ్ఱకోడిలోను బర్మా, ఉత్తర థాయిలాండు, చైనా నైరృతిభాగములందుండు నుపజాతియే ఇంటికోడికి మిక్కిలి దగ్గఱి తల్లియని నిర్ణయించిరి. 2022లో వెలువడిన మఱియొక పరిశోధన ప్రకారము, నిస్సందేహముగా ఇంటికోడివని చెప్పదగిన యెముకలలో బ్రాచీనమైనవి థాయిలాండునందలి బాన్ నాన్ వాట్ అను చోట దొరికినవి. వాని కాలము క్రీస్తునకు పూర్వము 1650 మొదలు 1250 వఱకు. వరి, చిఱుధాన్యముల సాగు వ్యాపించిన చోటనే యడవికోడి మనుష్యునికి జేరువైనదని వారి యూహ. కళ్ళములో రాలిన గింజకొఱకు వచ్చి, గంపక్రింద జిక్కినదన్నమాట!

ఆ యడవికోడి చిన్న గుంపుగా దిరుగును. ఒకటి మేయుచుండ మఱియొకటి తల యెత్తి చూచును. రాత్రి కొమ్మపై బ్రక్కప్రక్కలనే కూర్చుండును. మూడువేల యేండ్లకు మించి మన యింట నున్నను కోడికి ఈ స్వభావము పోలేదు. ఒంటిపెట్ట సదా తానే కావలి, తానే మేత. అందుచే దానికి నెమ్మది యుండదు. అది వంటయింటి గడప విడువకుండుట మనపై ప్రేమయేమో కాని, మిక్కిలి భాగము భయమే.

ఇచ్చట నొక విచిత్రము గమనింపుడు. ఎఱ్ఱ యడవిపెట్ట బరువు ఒక కిలోగ్రామునకు లోపుగనే యుండును. మనము పొట్టికోడి యని ముద్దుగ బిలుచునది దాదాపు తల్లి కొలతలోనే యున్నది. వింతగ బెరిగినది మన నాటుపెట్టయు, సీమపెట్టయునే.

చాణక్యుని పేరిట జెల్లు నీతిశ్లోకములలో కోడినుండి నేర్వదగిన గుణములు నాలుగని చెప్పబడినది. వేకువ లేచుట, పోరున వెనుదీయకుండుట, స్వయముగ నార్జించి తినుట యను మూడింటితోపాటు, బంధువులతో బంచుకొనుటయు నందొకటి. పుంజునకు మంచి గింజ దొరికినచో తాను దినక కుటకుటమని పెట్టలను బిలుచుట చూచినవారికీ మాట నిజమని తెలియును. కాని నీతికారుడు బంధువులతో నన్నాడేగాని, యెల్లవారితో ననలేదు. క్రొత్తగా వచ్చిన కోడి బంధువు గాదు. దానికి గింజ పెట్టరు, పోటు పెట్టుదురు.

ఈ పోటునకొక శాస్త్రము కలదు. దానిని గనిపెట్టినవాడు నార్వేదేశీయుడు తోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె (1894–1976). ఈతడు బాల్యమునుండి కోళ్ళను జూచుచు, ఏది దేనిని బొడిచినదో లెక్క వ్రాసికొనుచు బెరిగెను. ఆ లెక్కల నాధారముగ 1922లో జర్మనుభాషలో బ్రకటించిన వ్యాసమున, పెరటిలోని ప్రతికోడియు దక్కిన ప్రతికోడిని మొగము చూచి గుర్తించుననియు, ప్రతి జంటలోను ఒకటి పొడుచునది, రెండవది తొలగునది యని నిర్ణయమై యుండుననియు స్థాపించెను. ఒక్కొక్కప్పుడీ నిర్ణయము వరుసగాక వలయముగ నుండును: మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది మరల మొదటిదానిని బొడుచును! బడిలో బిల్లలను జూచిన నాకిది వింత గాలేదు. మనుష్యసంఘములను గూర్చికూడ నేడు విరివిగ వాడబడు పొడుపుల వరుస యను భావము ఈ నార్వే పెరటినుండియే పుట్టినది. మన ప్రశ్నకు దీనిలో నున్న సారమేమనగా, క్రొత్తకోడి వచ్చిన నాడు పొడుపులు తప్పవు. స్థానము నిర్ణయమైన పిదప నవి తగ్గును. తగ్గువఱకు చిన్నది బ్రతికియుండవలెను గదా! జాతి నెన్నుకొనుటలోని చిక్కంతయు నిదియే.

ఇక పొట్టికోళ్ళకు బాంటం అను పేరు వచ్చిన కథ మన తీరమునకు గూడ సంబంధించినది. బాంటం అనునది జావాద్వీపమున పశ్చిమపుదెస నొక రేవుపట్టణము. నేటి పేరు బాంటెన్. మిరియాల వర్తకమునకు గొప్ప యంగడి. డచ్చివారి యోడలు 1596లో నచ్చటికి జేరెను. ఇంగ్లీషు తూర్పుఇండియా సంఘమువారి మొదటి యాత్రలో లాంకాస్టరు 1602 తుదిని బాంటము జేరి, యచట వర్తకశాల నిలిపెను. మిరియాలు కొనుటకు వెండికంటె నచ్చటివారికి మన తీరపు అద్దకపు బట్టలే యిష్టము. అందుచేతనే గ్లోబు అను నోడ 1611లో మన నిజాముపట్టణమునకును మచిలీపట్టణమునకును వచ్చి, వర్తకులను దిగవిడిచి, పిదప బాంటమునకు సాగెను. అటుపిమ్మట గొంతకాలము మచిలీపట్టణపు ఇంగ్లీషు వర్తకశాలపై నధికారము బాంటమువారిదే. 1682లో డచ్చివారు ఇంగ్లీషువారిని బాంటమునుండి వెడలగొట్టిరి.

అట్టి రేవులో నావికులు దారిలో దినుటకు కోళ్ళను గొనుచుండిరి. వానిలో మిక్కిలి చిన్నవి, చుఱుకైనవి వారి కన్నుల బడినవి. కొన్ని బ్రతికి సీమకు జేరినవి. 18వ శతాబ్దమునాటికి ఇంగ్లీషున బాంటమనగా పొట్టికోడి యను నర్థము స్థిరపడెను. ఆ కోళ్ళన్నియు బాంటమున బుట్టినవి గావు. ఓడ యెక్కినచోటి పేరు వానికి నిలిచిపోయినది. అమెరికాఖండమునుండి వచ్చిన చెట్టును మనము సీమచింత యనలేదా? ఈ పేరు రాకమునుపు యూరపులో పొట్టికోళ్ళు లేకపోలేదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున వ్యవసాయగ్రంథము వ్రాసిన రోమకుడు కొలుమెల్లా పొట్టికోళ్ళను బేర్కొని, వాని పొట్టితనమే ముచ్చటయైనవారు పెంచుకొనవచ్చును గాని, గ్రుడ్లకుగాని రాబడికిగాని తాను మెచ్చనని తీర్పు చెప్పెను. ఇది గట్టి రైతు మాట. తోడుకొఱకు కోడిని దెచ్చుట యాతని తలపునకు రాలేదు.

ముచ్చటకొఱకే పుట్టిన జాతులలో నగ్రస్థానము సెబ్రైట్ కోడిది. సర్ జాన్ సాండర్స్ సెబ్రైట్ (1767–1846) ఇంగ్లండున నొక భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. పశుజాతులను మెఱుగుపఱచు విద్యను గూర్చి 1809లో నీతడు ప్రకటించిన చిన్న పుస్తకమును డార్విను శ్రద్ధతో జదివెను. పావురములలో దాను గోరిన ఈకను మూడేండ్లలో దేగలననియు, తలయు ముక్కును దెచ్చుట కాఱేండ్లు పట్టుననియు సెబ్రైట్ చెప్పెడివాడని డార్వినే వ్రాసెను. అట్టివాడు పొట్టికోడిపై దన విద్య నంతయు జూపెను. బంగారువన్నెగాని వెండివన్నెగాని గల ప్రతి యీకకును నల్లని సన్నని యంచు! కంసాలి పొదిగినట్లుండును. పుంజునకు గొడవలి తోక యుండదు, మెడపై వాడియీకలుండవు. ఈకలంతయు పెట్టవలెనే యుండును. 20వ శతాబ్దారంభమున అమెరికా శాస్త్రజ్ఞుడు మోర్గన్, ఈ పుంజులకు బీజములు దీసివేసినచో బుంజుతోకయు బుంజుమెడయు మొలచునని ప్రయోగమున జూపెను. చర్మములోనే పురుషరసము స్త్రీరసముగ మాఱుటయే దీనికి గారణమని తరువాతివారు తెలిసికొనిరి.

ఇంత యందము ఊరక రాలేదు. సెబ్రైట్ కోళ్ళలో ఫలించని గ్రుడ్లు తఱచు. పిల్లలను బ్రతికించుట కష్టము. పెట్ట పొదుగుటకు గూర్చుండుట యరుదు. బరువు సుమారు 600 గ్రాములు. ఎగురును, బెదరును, పట్టనీయదు. నెమ్మది లేని యొంటిపెట్టకు నెమ్మది లేని తోడు దెచ్చుట యేమి వివేకము? కన్నులపండువు గోరినవారు గుంపుగ బెంచుకొనవలసిన పక్షి యిది. తోడుకొఱకు గాదు.

ఇంగ్లండున 1835లోను 1849లోను జేసిన చట్టములచే గోడిపందెములు నిషేధింపబడెను. పందెపుకోళ్ళను బెంచు నేర్పరులు చేతులు ముడుచుకొని కూర్చుండలేక ప్రదర్శనములవైపు మరలిరి. లండను జంతుశాలలో 1845లో గోళ్ళ ప్రదర్శనము జరిగెను. జాతిలక్షణములను నిర్ణయించు గ్రంథము ఇంగ్లండున 1865లోను, అమెరికాలో 1874లోను వెలువడెను. ఈ కాలముననే యార్కుషైరువాడగు ఎంట్విసిల్ పెద్దజాతులకెల్ల బ్రతిరూపములుగ బొట్టిజాతులను దీర్చెను. ఆతని గ్రంథము మరణానంతరము 1894లో నచ్చుపడెను. పందెపుకోడికిగూడ బొట్టిరూపము వచ్చినది. దేహము తగ్గినది గాని కోపము తగ్గలేదు. ఒంటిపెట్టకు దీనిని దోడు దెచ్చుట నేనొల్లను.

పందెపుజాతుల నెఱుగుట మనకు క్రొత్త గాదు. దండి రచించిన దశకుమారచరితమున ప్రమతికథలో గోడిపోరు కలదు. నారికేళజాతి పుంజునకు బలాకాజాతి పుంజును జోడు గట్టుట చూచి, బలములో దక్కువదానిని దెచ్చినారని ప్రమతి నవ్వుకొనును. అనగా పండ్రెండు పదుమూడు శతాబ్దములకు బూర్వమే జాతిని బట్టి జోడు జూడవలెనను తెలివి లోకమున నుండెను. పలనాటిలో గోడిపోరు రాజ్యమునకే చేటు దెచ్చినదని మనవారి కథ. ఓరుగంటి వీథిలోని కోడిపందెము క్రీడాభిరామమున నున్నది. ఈ పరంపరకు జెందినదే మన అసీలు. మీ యింట మిగిలిన యొంటిపెట్ట అసీలు నెత్తురు గలదైనచో, దానికి బొట్టికోడిని దోడు దేవలదు. దాని యీడుదియు దాని యెత్తుదియు నగు నాటుపెట్టనే తెండు, అదియు జాగ్రత్తతో.

తూర్పుదేశముల జాతులలో మూడింటిని జెప్పి ముగింపునకు వత్తును. జపానువారి చాబో మిక్కిలి పొట్టికాళ్ళది. తోక తలకంటె బైకి నిలుచును. ఈ పేరు చంపాదేశపు పేరునుండి వచ్చినదని చెప్పుదురు. దీని పొట్టికాళ్ళ జన్యువు క్రూరమైనది. తల్లిదండ్రు లిరువురు పొట్టికాళ్ళవారైనచో గ్రుడ్లలో నాల్గవవంతు పెంకులోనే చచ్చును. పక్షి సాధువే. కాని మన వానకాలపు బురద పెరటిలో దాని పొట్టయు ఱెక్కలును నేల రాచుకొనును. గచ్చునేల గలవారికి మాత్రమే యిది తగును.

రెండవది పట్టుకోడి. మార్కోపోలో 13వ శతాబ్దాంతమున చైనాలో, పిల్లికివలె బొచ్చుగల నల్లకోళ్ళున్నవని విని వ్రాసినప్పుడు యూరపువారు నమ్మియుండరు. ఈకల పాయలు ఒండొంటి నంటుకొనకుండుటచే నవి దూదివలె నుండును. చర్మము నలుపు, ఎముకలు నలుపు, కాలికైదు వ్రేళ్ళు. ఈ నలుపే మధ్యప్రదేశమునందలి ఝాబువా కడక్‌నాథ్ కోడికిని గలదు. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించెను. పట్టుకోడి పరమసాధువు. బాతుగ్రుడ్డు పెట్టినను, నెమలిగ్రుడ్డు పెట్టినను బొదుగును. కాని తలపై జుట్టు కన్నులకు గప్పుటచే దనపై వచ్చు ముక్కును జూడలేదు, వాన దడిసినచో నీరు లోనికి దిగును, ఎగురజాలదు.

మా వీథిలో నొక యింట గోధుమవన్నె నాటుపెట్ట యొక్కటియే మిగులగా, కొడుకు పట్టణమునుండి తెల్లని పట్టుకోడిని దెచ్చి యుదయమున విడిచెను. సాయంకాలమునకు దాని నెత్తి నెత్తురుమయము. ఆ యింటి యిల్లాలు వచ్చి, “పంతులుగారూ, మా పెట్ట యింత పాపిష్ఠిదనుకొనలేదండీ” యనెను. “పాపమేమున్నదమ్మా, దాని యింటికి జెప్పకుండ జుట్టమును దెచ్చితిరి” అంటిని. ఆమె నొచ్చుకొనలేదు. తెల్లకోడిని గంపక్రింద నుంచి, చుట్టును బాతపెట్టను దిరుగనిచ్చిరి. జుట్టు కన్నులనుండి తొలగునట్లు కత్తిరించిరి. పదునైదు దినములకు నవి యొకేచోట నూకలు దినెను. అన్నిచోట్ల నింత మేలుగ ముగియదు.

మూడవది పెకిన్ కోడి. 1860లో ఇంగ్లీషు ఫ్రెంచి సేనలు పెకింగు నగరపు వేసవి రాజభవనమును దోచి తగులబెట్టినప్పుడు కొన్ని పొట్టికోళ్ళు సైనికుల చేజిక్కి సీమకు జేరెనని ప్రతీతి. ఆ దోపిడిలోనే చిక్కిన చిన్న కుక్కపిల్ల యొకటి విక్టోరియారాణికి జేరుట నిశ్చయమైన వృత్తాంతమే. అమెరికాలో నీ కోడిని కొచ్చిన్ బాంటం అందురు. మన కొచ్చికి దీనితో సంబంధము లేదు. గుండ్రని పూబంతివంటి యాకారము, కాళ్ళనిండ నీకలు, బరువు 600, 700 గ్రాములు. నెమ్మదిగ నడచును, ఎత్తుగ నెగురదు, చేతికి వచ్చును, పొదుగును. పొడుపు తిన్నను బరుగెత్తి వెఱ్ఱెత్తక, ప్రక్కకు దొలగి మేయుచుండును. ఈ తొలగు గుణమే తోడునకు వలసినది. కాళ్ళ యీకలకు బురద యంటునన్న యొక్క దోషము మాత్రము కలదు. పొడినేల చూపినచో సరి. సాధువగు నాటుపెట్టకుగాని సీమపెట్టకుగాని తోడుగ నేనెన్నుకొనునది యిదియే. అదియు నొక్కటి గాదు, రెండు. ఒక్కటి తెచ్చినచో బొడుపులన్నియు దాని నెత్తినే పడును. రెండు తెచ్చినచో నవి పంచుకొనును; ఒకదానికొకటి బంధువులుగను నుండును. పిల్లలను దేవలదు, ఎదిగిన పెట్టలనే తేవలెను.

తెచ్చిన వెంటనే కలుపగూడదు. కొక్కెర తెగులను మహమ్మారి, అనగా రాణిఖేతు వ్యాధి, శాస్త్రజ్ఞుల కంటబడినది 1926లో జావాయందును, ఇంగ్లండునందలి న్యూకాజిలునందును. మఱుసటియేడు మన రాణిఖేతమున. కోడి నడచినదారినే తెగులును నడచినది! పైకి గుదురుగ నున్న కోడియు రోగమును మోసికొని రావచ్చును. హంగరీ పశువైద్యుడు మారెక్ 1907లో వర్ణించిన కాళ్ళు పడిపోవు జబ్బునకు పట్టుకోళ్ళును సెబ్రైట్ కోళ్ళును మిక్కిలి లోబడును. కావున టీకాలు వేయించినవానినే కొని, మూడు నాలుగు వారములు వేఱు పెరటిలో నుంచి, వేఱు గిన్నెతో నీరు పెట్టవలెను. ఆ పిదప గంపక్రిందనో వలతడిక వెనుకనో వారము దినములు. చూపు కలియవలెను, ముక్కు తగులరాదు. అటుపై నొక రాత్రి, చీకటిలో, పాతపెట్ట గూట గూర్చున్న తరువాత క్రొత్తవానిని దాని ప్రక్కదండెపై నుంచుడు. చీకటిలో గోడికి జూపానదు. తెల్లవాఱుసరికి మువ్వురు నొకేయింట మేలుకొందురు. మేత రెండుమూడు చోట్ల జల్లుడు. నీరు రెండు చోట్ల బెట్టుడు. మొదటి వారము పొడుపులుండును. ఈకలు రాలుటకు భయపడనక్కఱలేదు. నెత్తురు గనబడినచో మాత్రము తక్షణము వేఱుచేయవలెను, ఏలయన నెత్తుటియెఱుపు తక్కిన కోళ్ళ ముక్కుల నాకర్షించును. పొట్టికోళ్ళ గ్రుడ్లు చిన్నవి. మూడింటిని రెండుగ లెక్కించుకొనవలెను.